ఇంట్లో ఐదో మనిషి

నా ఎడమ చేతి మీద బొటనవేలి మొదట్లో బయలుదేరి మణికట్టు దాకా వంకరగా దిగే గీత ఒకటుంది. పదకొండు కుట్లు. తెనాలిలో నా ఆటో ఎక్కినవాళ్ళలో సగంమంది దాని సంగతి అడుగుతారు. కొల్లిపర వెళ్ళేవాళ్ళకి ఒక కథ చెబుతాను, కొల్లూరు వెళ్ళేవాళ్ళకి ఇంకోటి. ఒక పెద్దావిడకి మొసలి కరిచిందని చెప్పాను. "కృష్ణలో మొసళ్ళున్నాయా నాయనా?" అంది. "ఇప్పుడు లేదండి, దాన్ని నేనూ కరిచాను" అన్నాను. దిగేటప్పుడు చిల్లర కూడా అడక్కుండా వెళ్ళిపోయింది.

అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందులో నేను మొనగాణ్ణి కాను. తప్పుడు లెక్క ఒకటి రాసి, రెండేళ్ళ పిల్ల నోటి దగ్గర గుడ్డు లాగేసినవాణ్ణి.

లెక్కలకీ నాకూ మొదటి నుంచీ పడదు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నా వీపు మీద బెత్తం విరగ్గొట్టి, కొత్తది కొనిపెట్టమని ఇంటికి కబురు పంపారు. మా నాన్న బడికొచ్చి, "విరిగింది మీ బెత్తం, వాచింది మావాడి వీపు. ఎవరు ఎవరికి కట్టాలండి?" అని నిలదీశాడు. నాకు మా నాన్న మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. ఇంటికొచ్చాక అదే బెత్తంలో మిగిలిన సగంతో ఆయన తన వాటా కూడా వేశాడు. బెత్తం పూర్తిగా అయిపోయింది, నా చదువూ అయిపోయింది.

అలాంటి నాకు లెక్కలు రాసే ఉద్యోగం వచ్చిందంటే దానికి ఒక కుక్క కారణం.

ఆ వేసవిలో ఒక మేడం నా ఆటోని నెలకింతని మాట్లాడుకుంది. పాతికేళ్ళ పిల్ల, మాట మెత్తన, పట్టుదల గట్టిది. బాపట్లలో అద్దెకి తీసుకున్న ఇంట్లో ఆఫీసు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళకి ఏదో పథకం కింద ఇంటికి ఐదు గుడ్ల పెట్టలు, కూరగాయల విత్తనాలు ఇచ్చారు. తల్లులకి పాఠాలు కూడా చెప్పారు. ఇచ్చి ఏడాదైంది. దానికి అయిన ఖర్చెంత, దానివల్ల పిల్లల ఒంటికి పట్టిందెంత అని తేల్చడం మేడం పని. తూకం మిషను, ఎత్తు కొలిచే చెక్క, జబ్బ చుట్టూ చుట్టి కొలిచే టేపు, ఇవన్నీ నా ఆటోలో వెనక సీటు ఎక్కేవి.

"డబ్బు ఖర్చు ఒక్కటే కాదు బాబాయ్," అనేది మేడం. "తల్లి రోజుకి ఎంతసేపు ఆ పెట్టల వెనక తిరిగిందో అది కూడా ఖర్చే. పిల్ల జబ్బ ఒక అంగుళంలో ఎన్నో వంతు లావైనా అది ఫలితమే."

"మరి కొట్టుకుంటేనో మేడం?"

"ఎవరు?"

ఎవరో ఆ వారంలోనే చూసింది. కొల్లిపర దగ్గర ఒక పెరట్లో పథకం వాళ్ళిచ్చిన తోటకూర మడిని మేం టేపుతో కొలుస్తున్నాం. కొలత పక్కవాడి గట్టు మీదకి జానెడు వెళ్ళింది. ఆ పక్కవాడు సొంత తమ్ముడే. అన్నదమ్ములిద్దరూ టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డవాళ్ళు, ఉన్నట్టుండి పారలు ఎత్తారు. అన్న చెవి సగం ఊడి మెడ మీద వేలాడింది. రక్తం తోటకూర మీద పడింది. మేడం కాగితం పట్టుకుని నిలబడిపోయింది. "దీన్ని ఖర్చులో రాస్తారా, ఫలితంలో రాస్తారా?" అని అడిగాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఆ తరువాతి వారం పిట్టలవానిపాలెంలో, మేడం దగ్గర ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగే కుర్రాణ్ణి కుక్క పిక్క పట్టుకుని ఊడబెరికింది. ఊరివాళ్ళు దాన్ని రోకళ్ళతో కొట్టి చంపారు. కుర్రాడు సూదులు వేయించుకుని అటునుంచి అటే ఉద్యోగం మానేశాడు. మేడం దిక్కులు చూసి చూసి, చివరికి ట్యాబు నా చేతిలో పెట్టింది.

"తెలుగు చదవగలవు కదా బాబాయ్?"

"చదువుతానండి. అర్థమయ్యేలా కూడా చదువుతాను."

అలా నేను ఆటో తోలుతూ, దిగి ప్రశ్నలడిగేవాణ్ణయ్యాను.

రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే కరకట్ట కింద వేటకెళ్ళేవాళ్ళ పేట ఒకటుంది. మేం మొదటిసారి వెళ్ళింది వేట నిషేధం నెలల్లో. ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డు మీదే ఉంటాయి, మగవాళ్ళు కూడా ఒడ్డు మీదే ఉంటారు. సముద్రాన్ని కొట్టడానికి లేక ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటారు. మేం పేటలో అడుగుపెట్టేసరికే ఇద్దరు వల దగ్గర తెడ్లతో బాదుకుంటున్నారు. మధ్యలో ముసలాయన కూర్చుని వల అల్లుకుంటున్నాడు. ఆయన ఒక్కసారి కూడా తలెత్తలేదు.

కట్ట కింద చివరి ఇల్లు. గుమ్మంలో నా ఈడువాడే ఒకతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి రెండు వేళ్ళు సగమే ఉన్నాయి. వేటకెళ్ళని రోజుల్లో అతని పని పందెం పుంజుల కాళ్ళకి కత్తులు కట్టడం. ఒక వేలు ఒక బరిలో, రెండోది ఇంకో బరిలో పోయాయని తనే చెప్పాడు, ఊళ్ళ పేర్లతో సహా. మంచం కోడుకి ఒక పుంజు కట్టి ఉంది. ఎర్రటి పుంజుని మావైపు డేగ అంటారు. ఈ డేగ ఒళ్ళు రాగిబిందెలా మెరుస్తోంది.

నేను కూడా పందేలు చూసేవాణ్ణే. కాళ్ళు నన్ను అడక్కుండానే అటు వెళ్ళాయి. వంగి దాని తొడ నొక్కి చూశాను. రాయి.

"ఏం పెడుతున్నావు బావా?" అన్నాను. అప్పటికే అతన్ని బావని చేసేసుకున్నాను.

"బాదం, కైమా, ఉడకేసిన గుడ్డు. ఇది మూడు పందేలు కొట్టిందంటే కొత్త వల వస్తుంది. మా వల చూశావా? అందులోంచి తిమింగలం కూడా జారిపోద్ది."

ఇద్దరం నవ్వుకున్నాం. లోపల అతని భార్య పొయ్యి దగ్గర ఉంది. రెండేళ్ళ ఆడపిల్ల ఆమె చంకలో ఉంది. అత్తగారు గోడకి ఆనుకుని ఆకు నములుతోంది. ఆ పిల్ల జబ్బకి టేపు చుట్టకముందే నేను పుంజు తొడ నొక్కి చూశానన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు ఎప్పుడూ తడుతూనే ఉంటుంది.

ట్యాబు తీసి ప్రశ్నలు మొదలుపెట్టాను. మేడం పక్కింట్లో ఉంది.

"ఇంట్లో ఎంతమంది బావా?"

"ఐదుగురం."

ఐదు కొట్టాను.

"వారంలో ఇంట్లో ఎన్ని గుడ్లు తిన్నారు?"

"పద్నాలుగు."

పద్నాలుగు కొట్టాను. పిల్ల గుడ్లు తింటుందా అన్నదానికి అతనే తల ఊపాడు. లోపల్నుంచి భార్య ఏదో అనబోయింది. "ఆడోళ్ళకేం తెలుసు, నేను చెబుతున్నాగా" అని అతను పొయ్యి వైపు ఒక ఇత్తడి చెంబు విసిరాడు. అది గోడకి తగిలి, సొట్టపడి, దొర్లుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. నేను దాన్ని తీసి బోర్లించి పెట్టాను. అంతే చేశాను. టేపు చుట్టాను. పసుపు గీత. ఎరుపైతే ప్రమాదం, పసుపైతే జాగ్రత్త, ఆకుపచ్చైతే బాగున్నట్టు. పసుపే అయినా, గుడ్ల లెక్క చూసి ట్యాబు తనంతట తనే "బాగున్న ఇల్లు" అని పెట్టింది. బాగున్న ఇంటికి నెలనెలా కొలతలకి రావక్కర్లేదు. రూలు అది.

వచ్చేటప్పుడు బావ నా భుజం మీద చెయ్యి వేసి, "ఆదివారం తోటలో పందెం ఉంది, వస్తావా?" అన్నాడు.

వెళ్ళాను. దాచి ఏం లాభం.

సరుగుడు తోట మధ్యలో బరి. బావ తన సగం వేళ్ళతోనే దారం చుట్టి డేగ కాలికి కత్తి కట్టాడు. అటు పక్క నల్లటి కాకి పుంజు. వదిలారు. రెండూ ఒక్కసారే గాల్లోకి లేచాయి. కాకి ముందు తగిలింది, డేగ రొమ్ము మీద ఈకలు ఎగిరాయి. మళ్ళీ లేచాయి. ఈసారి డేగ కాలు కాకి మెడలో దిగింది, దిగి అక్కడే ఇరుక్కుంది. రెండూ కలిసి ఇసకలో పొర్లాయి. నా ముందున్నవాడి తెల్లచొక్కా మీద నెత్తురు చిమ్మింది. వాడు తుడుచుకోలేదు, ఈల వేశాడు. కాకి రెండు కాళ్ళూ చాపి వణికి ఆగిపోయింది. బావ పరిగెత్తుకెళ్ళి డేగని ఎత్తి, దాని ముక్కు తన నోట్లో పెట్టుకుని అందులోని నెత్తురు పీల్చి ఉమ్మేశాడు. దానికి ఊపిరి ఆడాలని. తన కూతురికి ఎప్పుడైనా అలా చేశాడో లేదో నాకు తెలియదు.

నేను కాసింది ఐదొందలు. గెలిచిన డబ్బుతో ఆటోకి ముందు టైరు కొత్తది వేయించాను. ఆ టైరు మీదే రెండోసారి ఆ పేటకి వెళ్ళాను.

అప్పటికి నెలా పది రోజులైంది. బావ ఇంటికి వెళ్ళక్కర్లేదు నిజానికి. పేటలో ఇంకో ఇంటికి వచ్చి, మేడమ్‌ని వెంటబెట్టుకుని, పుంజుని ఒకసారి చూసి పోదామని నేనే అటు తిరిగాను.

బావ లేడు. పుంజు ఉంది. గాయం మానింది, ఒళ్ళు ఇంకా మెరుగెక్కింది. మంచం మీద ఆ పిల్ల పడుకుని ఉంది. ఈగలు కళ్ళ మీద వాలుతుంటే కూడా చెయ్యి ఎత్తడం లేదు. మేడం నన్ను ఒక్క చూపు చూసి, తనే టేపు తీసి జబ్బకి చుట్టింది.

ఎరుపు.

"బాబాయ్, ఇది బాగున్న ఇల్లు అని రాశావు."

"అలాగే చెప్పాడు మేడం. పద్నాలుగు గుడ్లు. ఐదుగురు."

పొయ్యి దగ్గర్నుంచి భార్య లేచి వచ్చింది. ఎడమ కన్ను పక్కన పచ్చగా కమిలి ఉంది. మాకెదురుగా నిలబడి చెయ్యి చాపింది.

"అన్నయ్యా, మా ఇంట్లో ఐదుగురెవరో నువ్వే చెప్పు."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. ఒక్కో వేలూ మడిచింది.

"మా ఆయన. నేను. అత్త. ఇదిగో ఇది." నాలుగు వేళ్ళు మడిచి, ఐదో వేలిని అలాగే చాపి ఉంచి, దాన్ని మంచం కోడు వైపు తిప్పింది. "మరి ఇదెవరు?"

డేగ తల పక్కకి వంచి మా అందరినీ చూసింది.

నేను చూడక రాసిన తప్పు కాదిది. అతను కూడా అబద్ధం చెప్పాలని చెప్పలేదు. పొద్దున లేస్తే ముందు దాని మొహం కడిగి, దానికి స్నానం చేయించి, దానికి పెట్టాక తను తినే మనిషి. ఎంతమంది అంటే ఐదుగురం అన్నాడు. మా వైపు పుంజులు పెంచేవాళ్ళెవరైనా అంతే అంటారు. దాని తొడ నొక్కి చూసిన నేను కూడా ఆ ఐదో మనిషిని మనిషిగానే రాశాను.

"గుడ్లు?" అంది మేడం మెల్లిగా.

"రోజుకి రెండు. రెండూ దానికే. దీనికి సొన నాకించమన్నా ఒప్పుకోడు, బలం పోతుందంటాడు." ఆమె పిల్లని ఎత్తుకుంది. పిల్ల తల భుజం మీద అటు జారిపోయింది. "ఒడ్డున చేపా లేదు. గంజి పోస్తున్నాను. ఆరోజే చెబుదామనుకున్నాను. చెంబు చూశావుగా."

చూశాను. బోర్లించి కూడా పెట్టాను.

అత్తగారు గోడ దగ్గర్నుంచి, "పుంజుకి పెట్టకపోతే ఎగరదమ్మా," అంది, ఎవరితోనూ కాకుండా.

అప్పుడే బావ వచ్చాడు. మా మొహాలు చూడగానే అతనికి అర్థమైంది. తిన్నగా వెళ్ళి భార్య జుట్టు పట్టుకుని, పిల్లతో సహా గుంజి కింద కూలేశాడు. పిల్ల మొహం నేలకి తగలకుండా ఆమె మోచెయ్యి అడ్డం పెట్టింది, ఎముక నేలకి తగిలిన చప్పుడు నాకు వినిపించింది. ఒక తన్ను నడుంలో తన్నాడు. రెండోది ఎత్తుతుంటే నేను వెనక నుంచి నడుం పట్టుకుని లాగాను. ఇద్దరం మంచం మీద పడ్డాం, మంచం విరిగింది. పుంజు రెక్కలు కొట్టుకుని నా మొహం మీదకి ఎగిరింది.

"ఆగండి!" అని మేడం అరిచింది. ఆ మెత్తటి గొంతులోంచి అంత అరుపు వస్తుందని నాకు తెలియదు. అందరం ఆగాం.

"నేను పోలీసుల్ని పిలవనా అమ్మా?" అంది భార్యతో.

"పిలిస్తే సాయంత్రానికి వదిలేస్తారు మేడం. రాత్రికి నేనుండేది ఇక్కడే." ఆమె మోచెయ్యి పట్టుకుని లేచింది. "లెక్క మార్చండి చాలు."

మేడం బావ వైపు తిరిగింది. "చూడండి. పథకం పెట్టలు పిల్లలకిచ్చినవి. పందెం కోడిని మేపడానికి వాడితే పెట్టల్ని వెనక్కి తీసుకోవాలి. రూలు. రేపు పొద్దున మళ్ళీ వస్తాం. ఈ ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరేం తిన్నారో కంటితో చూసి రాస్తాను."

బావ నెత్తురు కారే పెదవి తుడుచుకుని నవ్వాడు. "రండి మేడం. రేపొద్దుటికి పుంజు ఇక్కడుండదు, మా తమ్ముడింట్లో ఉంటుంది. మీరెళ్ళాక వస్తుంది. పెట్టలు పట్టుకుపోతారా, పట్టుకుపోండి. గుడ్లు కొట్లో కూడా దొరుకుతాయి."

లెక్క ఎటు రాసినా ఆ పిల్లకి గుడ్డు లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే పెట్టలు పోతాయి. పుంజు లేనట్టు రాస్తే గుడ్లు అదే తింటుంది. నాకంటే ముందు ఆ సంగతి భార్యకి తెలిసింది. ఆమె మమ్మల్ని చూడటం లేదు. విరిగిన మంచం కింద తాడు బిగిసి గింజుకుంటున్న డేగని చూస్తోంది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి వెళ్ళాం. కట్ట దిగుతుండగానే మసాలా వాసన. వేట నిషేధంలో ఆ పేటలో ఎండుచేప వాసన తప్ప ఇంకేం ఉండదు. మేడం నా వైపు చూసింది. నేను కట్ట వైపు చూశాను.

గుమ్మం ముందు కత్తిపీట కడిగి బోర్లించి ఉంది. కింద ఇసక ఎర్రగా తడిసింది. రాగిరంగు ఈకలు చీపురుతో ఊడ్చి, చక్కగా ఒక పక్కన కుప్ప పోసి ఉన్నాయి. మంచం కోడుకి తాడు అలాగే ఉంది, కొసన ఏమీ లేదు.

లోపల తపేలా దించి ఉంది. పిల్ల రెండు చేతులతో ఒక కాలు ఎముక పట్టుకుని చీకుతోంది. నోటి చుట్టూ పులుసు. నిన్న ఈగని తోలని చెయ్యి ఇవాళ ఆ ఎముకని నేను పట్టుకుంటే వదలడం లేదు. భార్య పళ్ళెంలోనూ, అత్తగారి పళ్ళెంలోనూ ముక్కలున్నాయి. అత్తగారు మమ్మల్ని చూసి కాస్త సిగ్గుపడి, "కోసేసింది కదా అబ్బాయ్, పారేస్తే పాపం," అంది.

"తమ్ముడింటికి తెల్లారి పట్టుకెళదామని పడుకున్నాడు," అంది భార్య. వాచిన మోచేతిని గుడ్డతో కట్టుకుంది, గరిటె రెండో చేత్తో పట్టుకుంది. "నేను ముందు లేచి దాన్ని గంప కింద దాచాను. ఆయన మూడింటికి లేచి చూసి, ఎవరో ఎత్తుకుపోయారని పేటంతా వెతుక్కుంటా తిరుగుతున్నాడు. అటు వెళ్ళాకే కోశాను. రాయండి మేడం. నలుగురు."

మేడం కింద కూర్చుంది. చిన్న గిన్నె తీసి, "పాప ఎంత తిందో ఇందులో చూపించమ్మా," అంది. భార్య గరిటెతో కొలిచి చూపించింది. మేడం తూకం మిషను మీద పెట్టింది.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది.

బావ ముందు ఈకల కుప్ప చూశాడు. వంగి ఒక ఈక తీసుకున్నాడు. తరవాత తపేలా చూశాడు. చూరులో దోపిన గుడ్డమూట లాగి విప్పాడు. అందులో కోడికత్తులు, వరసగా, నూనె రాసి. ఒకటి తీసుకుని ఆ సగం వేళ్ళ మధ్య బిగించి లోపలికి నడిచాడు.

నేను ధైర్యస్తుణ్ణి కాను. ఆ రోజు కూడా కాలేదు. అతనికీ ఆమెకీ మధ్య నేను కూర్చుని ఉన్నాను, లేచే టైము దొరకలేదు, అంతే. "బావా" అని ఎడమ చెయ్యి ఎత్తాను. చేతిలోకి మంచుముక్క జారినట్టనిపించింది. తరవాత చూస్తే బొటనవేలు పక్కకి వేలాడుతోంది, తెల్లగా ఏదో కనబడుతోంది, ట్యాబు మీద నెత్తురు ధారగా పడుతోంది. అతను మళ్ళీ ఎత్తాడు. భార్య మూలనున్న రోకలి అందుకుని మంచి చేత్తో ఒక్కటి వేసింది. మణికట్టు మీద. ఫట్‌మంది. కత్తి పిల్ల పక్కన పడింది. రెండోది భుజం మీద వేసింది. మూడోది వేయబోతే అత్తగారు పళ్ళెం వదిలి వచ్చి రోకలి పట్టుకుంది. కోడల్ని కాదు, రోకల్నే పట్టుకుంది.

"చాల్లే. బోటెక్కాలి వాడు," అంది.

అతను గోడకి జారిపడి కూర్చున్నాడు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేతిలో ఈక పట్టుకుని, ఏడ్చాడు. "వల," అన్నాడు. "ఇంకో రెండు పందేలు కొడితే వల వచ్చేదే." అది కూడా నిజమే. ఆ వల వస్తే ఆ పిల్ల చేప తినేది. అతను కూడా ఒక లెక్కే వేశాడు. కాకపోతే ఆ లెక్క తేలేదాకా పిల్ల ఆగదు.

పిల్ల ఇంత గొడవలోనూ ఎముక వదల్లేదు.

మేడం తన చున్నీ చించి నా చేతికి బిగించింది. ఒంటిచేత్తో ఆటో నేనే తోలాను, గేరు మేడం మార్చింది. మార్చడం రాదు, ప్రతిసారీ ఆటో కోడిలా గెంతింది. రేపల్లె ఆసుపత్రిలో కుట్లు వేస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుని ట్యాబు తుడిచి, మిగిలిన ప్రశ్నలు నింపింది.

"బాబాయ్, ఇంట్లో ఇంకేమైనా నష్టం అని ఉంది. పుంజు పథకానిది కాదు. ఎక్కడ రాయను?"

"నష్టం ఎందుకండి, ఫలితంలో రాయండి. మాంసం, ఒక పూట, ముగ్గురు తిన్నారు."

"నలుగురు."

"బావ ఏడుస్తున్నాడు కదండి, తినలేదు. ముగ్గురే. ఈసారి చూసి చెబుతున్నాను."

ఆమె మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నా చెయ్యీ, బావ చెయ్యీ, బావ భార్య మోచెయ్యీ రాయడానికి ఎక్కడా గడి లేదని నాలుగుసార్లు తెర కిందకీ మీదకీ జరిపి చూసింది. చివర "ఇతర వివరాలు" అని ఒక ఖాళీ ఉంది. అందులో మూడు చేతులు అని రాసి, కాసేపు చూసి, చెరిపేసింది. పై ఆఫీసువాళ్ళకి అర్థం కాదంది. నేను చెరపొద్దన్నాను. మళ్ళీ రాసింది.

వర్షాలు మొదలయ్యాక మూడో విడత కొలతలకి వెళ్ళాం. ఆ ఇంటికి నేను వెళ్ళనన్నాను. మేడం, "లెక్క నువ్వు పాడుచేశావు, నువ్వే సరిచెయ్యి బాబాయ్," అంది. మాట మెత్తనే, కానీ బెత్తంలా తగిలింది.

వేట మొదలైంది. బావ గుమ్మంలో కూర్చుని పాత వలకి అతుకులు వేస్తున్నాడు. మణికట్టు వంకరగా అతుక్కుంది. నన్ను చూసి లేవలేదు. నా చేతి మీద గీతని మాత్రం చూశాడు. నేను అతని మణికట్టుని చూశాను. బాకీలేం మిగిలినట్టు లేవు. పెరట్లో పథకం పెట్టలు ఐదూ గోకుతున్నాయి. మంచానికి కొత్త కోడు వేశారు, దానికేమీ కట్టి లేదు. భార్య ముందుపన్ను ఒకటి లేదు. కొత్తగా పోయింది. అడిగాను. "జారిపడ్డాను," అంది, బావ వినేలా. తరవాత పిల్లని నా ముందు నిలబెట్టి జబ్బ పైకి ఎత్తి పట్టుకుంది. ఎందుకు జారిపడిందో దానికి జవాబు ఆ జబ్బేనన్నట్టు.

టేపు చుట్టాను. రెండుసార్లు చుట్టాను. పసుపు. ఆకుపచ్చకి ఇంకా కాస్త దూరం ఉంది. పిల్ల ఆ టేపు కొస పట్టుకుని లాగి నా కుట్ల మీద చరిచింది.

భార్య పొయ్యి దగ్గరికి వెళ్ళింది, నేను ట్యాబు తీశాను. గొంతు సరిచేసుకున్నాను.

"ఇంట్లో ఎంతమంది బావా?"

అతను దారం పంటితో తెంపాడు. లోపల గరిటె చప్పుడు ఆగింది.

"నలుగురం," అన్నాడు.

తెర మీద నాలుగు నొక్కేముందు నేను తలెత్తి, ఒక్కొక్కళ్ళ మొహం చూసి, వేలు మడిచి లెక్కపెట్టుకున్నాను.